కొండపల్లి బొమ్మ 600 గ్రాములు, కొరియర్ బిల్లు 3 కిలోలకు! తక్కువ ఖర్చులో పంపడం ఎలా?

కొలువుబొమ్మ
ఉండేది విజయవాడ, అమ్మేది కొండపల్లి బొమ్మలు. షాపు లేదు. ఇన్‌స్టాలో ఫొటో పెడతాను, వాట్సాప్‌లో ఆర్డరు వస్తుంది, యూపీఐలో డబ్బు పడుతుంది, మర్నాడు కొరియర్‌కి ఇస్తాను. ఇంతవరకు బాగానే ఉంది.

పోయిన వారం పుణెకి ఒక అంబారీ ఏనుగు పంపాను. బొమ్మ 600 గ్రాములు. పెట్టె, బబుల్ ర్యాప్ అన్నీ కలిపినా కిలో లోపే. కొరియర్ల రేట్లన్నీ ఒకచోట చూపించే యాప్ ఒకటి వాడతాను, అందులో కిలో స్లాబుకి, అంటే కిలో దాకా ఉండే రేటుకి, డబ్బు కట్టాను. పార్సిల్ చేరాక వాలెట్‌లోంచి ఇంకో 132 రూపాయలు కోసుకున్నారు. అడిగితే 'మీ పార్సిల్ 3 కిలోలు' అంటారు! కాటా మీద పెట్టి తీసిన ఫొటో పంపినా వినరు. ఆ బొమ్మ మీద నాకు మిగిలేదే 150.

తెల్లపొణికి చెక్క ఎంత తేలికో చేత్తో పట్టుకున్నవాళ్లకి తెలుసు. మూడు కిలోలు ఎలా అవుతుంది? దసరా కొలువులకి ఆర్డర్లు మొదలయ్యాయి. విరక్కుండా, జేబుకి చిల్లు పడకుండా పంపే దారి చెప్పండి.

పప్పుచారు
పుణె దాకా నడిచి వెళ్లింది కదా, దారిలో చెరకు తోటలు తగిలి ఉంటాయి.

బెల్టుపక్కన
కొరియర్ హబ్‌లో పనిచేసి మానేసినవాణ్ని. పెట్టె కొలతలు ఎంతండీ?

కొలువుబొమ్మ
30 పొడవు, 25 వెడల్పు, 20 ఎత్తు, సెంటీమీటర్లలో. ఇంట్లో ఉన్న పెట్టెల్లో బొమ్మ పట్టింది అదొక్కటే.

బెల్టుపక్కన
అయితే వాళ్ల లెక్కలో తప్పు లేదు. 30×25×20 = 15,000. దాన్ని 5000తో భాగిస్తే 3. అదే మీ మూడు కిలోలు. దీన్ని వాల్యూమెట్రిక్ వెయిట్ అంటారు. కాటా బరువు, ఈ లెక్క, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి బిల్లు వేస్తారు. లారీలో కొరియర్‌వాడు అమ్ముకునేది జాగా. మీ పెట్టె ఎంత జాగా తింటే అంత కట్టాలి. కొన్నిచోట్ల 5000 బదులు 4000తోనో 4500తోనో భాగిస్తారు, అప్పుడు బిల్లు ఇంకా పెరుగుతుంది. మీ యాప్‌లో ఏ అంకె పెట్టారో షరతుల్లో చూసుకోండి.

ఇంకో సంగతి. బెల్టు మీద వెళ్లేటప్పుడు పైన ఉన్న కెమెరా కొలతలు తీస్తుంది, కింద కాటా బరువు తీస్తుంది. పెట్టె ఎక్కడ ఉబ్బి ఉంటే అక్కడి కొలతే పడుతుంది. మూత సరిగ్గా మూసుకోక రెండు సెంటీమీటర్లు లేచినా అదీ లెక్కలోకే వస్తుంది. అందుకే కాటా ఫొటో ఒక్కటే పంపితే ఎవరూ వినరు. పికప్‌కి ముందే మూడు వైపులా కొలత టేపు ఆనించి, లేబుల్ కనపడేలా ఫొటోలు తీసి ఉంచుకోండి. ఎక్కువ కోసినప్పుడు ఫిర్యాదు చేయడానికి గడువు ఉంటుంది. అది దాటితే ఆ డబ్బు మీద ఆశ వదులుకోవడమే.

ఊరగాయజాడీ
ఈ వాల్యూమెట్రిక్ గోలంతా తేలిక సరుకువాళ్లకి. మాది ఆవకాయ. కిలో డబ్బా ఎటు తిప్పి కొలిచినా కాటా బరువే ఎక్కువ వస్తుంది. మాకు ఏడుపంతా స్లాబు మీద. కిలో పచ్చడికి డబ్బా, పెట్టె కలిసి కిలో దాటక తప్పదు, ఆ కాస్తకి 1.5 కిలోల స్లాబు పడుతుంది. అందుకే 800 గ్రాముల ప్యాక్ పెట్టాను, అన్నీ కలిపి కిలోలోపు సరిపోతుంది. కిలోనే కావాలి అని పట్టుబట్టేవాళ్లకి రెండు కిలోల ధర చెప్పి, షిప్పింగ్ కిలోకి ఎంత తగ్గుతుందో చూపిస్తాను. సగం మంది రెండు తీసుకుంటారు.

మంగళగిరిమగ్గం
చీరలవాళ్లకి ఒక్క సెంటీమీటరే ప్రాణం. మా కాటన్ చీర కవరుతో కలిపి అర కిలో లోపు ఉంటుంది. మడతపెట్టి 28×22×4లో సర్దితే లెక్క 0.49 కిలో, అర కిలో స్లాబులో దూరిపోతుంది. అదే చీర 5 సెంటీమీటర్ల ఎత్తు లేస్తే 0.62, అంటే కిలో స్లాబు. మొదట్లో అందంగా ఉంటుందని అట్టపెట్టెలో రిబ్బను కట్టి పంపేదాన్ని. ఇప్పుడు చీర పలచటి పాలిథిన్ కవర్లో, దాని మీద కొరియర్ కవరు, అంతే. బట్టలకి పెట్టె దండగ. గాలి పూర్తిగా నొక్కేసి కవరు అంటించాలి, లేకపోతే దారిలో ఉబ్బి కూర్చుంటుంది.

ఓరుగల్లు_దర్రీ
ఇక్కడ మా సంగతి వినండి. దర్రీ చుట్టి పంపితే ముడత పడదని చుట్టే పంపేటోళ్లం. చుట్ట 90 పొడవు, 20 మందం. గుండ్రంగా ఉంది కదా అని కెమెరా గుండ్రంగా కొలవదు, 20×20×90 అని కొలుస్తుంది. 7.2 కిలోలు! దర్రీ బరువు మూడు కిలోల పైచిలుకే. ఇప్పుడు మడతపెట్టి 45×35×12లో పంపుతున్నం. లెక్క నాలుగు కిలోల లోపు వస్తోంది. 'ముడతలు పడితే ఎండలో అరగంట పరవండి' అని చీటీ పెడుతున్నం. ఇంతవరకు ఒక్కరూ గొడవ చేయలేదు.

కొలువుబొమ్మ
బెల్టుపక్కన గారూ, ఇప్పుడు అర్థమైంది. మోసం అనుకున్నాను, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ బొమ్మని చీరలా నొక్కలేను కదా. ఏనుగు 20 పొడవు, 11 వెడల్పు, అంబారీతో కలిపి 16 ఎత్తు. ఎంత పెట్టె కావాలి?

బెల్టుపక్కన
చుట్టూ మూడేసి సెంటీమీటర్లు వదలండి. 26×17×22. లెక్క 1.94. రెండు కిలోల స్లాబు. అంటే మూడో కిలో తగ్గినట్టే.

ఫ్లాట్‌ప్యాక్
అంబారీ విడిగా ఊడేలా చేయించండి. మేకుతో గుచ్చుకునేలా చిన్న కన్నం పెడితే చాలు. ఎత్తు సగం అవుతుంది. ఫర్నిచర్ వాళ్లందరూ చేసేది అదే.

తాతలనాటి_కొలువు
బొమ్మని పెట్టెకి తగ్గట్టు మార్చడమేంటండీ? కొండపల్లి బొమ్మలో విడి భాగాలు చెక్కి చింతగింజల జిగురుతో అతుకుతారు. ఆ అతుకే దాని పనితనం. 2007లో భౌగోళిక గుర్తింపు వచ్చిన బొమ్మ అది. కొరియర్ స్లాబు కోసం దానికి మేకు గుచ్చుతారా?

ఫ్లాట్‌ప్యాక్
విరిగిన బొమ్మ అందుకున్న కస్టమర్‌కి ఆ గుర్తింపు పత్రం చూపిస్తారా మరి?

కొలువుబొమ్మ
కొట్టుకోకండి. లెక్క వేసి చూశాను. అంబారీ తీసి పక్కన పెడితే ఎత్తు తగ్గుతుంది కానీ వెడల్పు పెరుగుతుంది. 26×20×16, అంటే 1.66. మళ్లీ రెండు కిలోల స్లాబే. కాబట్టి అంబారీ ఎక్కడున్నది అక్కడే ఉంటుంది.

పప్పుచారు
ఏనుగు గెలిచింది.

తాతలనాటి_కొలువు
🙏

సిక్కోలు_చిన్నోడు
పెట్టెలు ఎక్కడ కొంటున్నారు? ఆన్‌లైన్‌లో 25 పెట్టెల కట్ట తీసుకుంటే ఒక్కోటి 20 దాకా పడుతోంది, అది కూడా ఉత్త మూడు పొరలది.

ఊరగాయజాడీ
ఆన్‌లైన్‌లో విడిగా కొంటే అలాగే ఉంటుంది. అట్టపెట్టెలు చేసే చిన్న యూనిట్లు జిల్లా కేంద్రాల్లో చాలా ఉన్నాయి. హైదరాబాద్‌లో అయితే బేగంబజార్‌కి వెళ్తే టేపు, కవర్లు, బబుల్ రోల్ అన్నీ హోల్‌సేల్‌లో దొరుకుతాయి. మా యూనిట్ అతను సైజుకి 200 తక్కువైతే చేయడు. నేను, మా వీధిలో పొడులు అమ్మే ఆవిడ, ఇద్దరం ఒకే సైజుకి ఒప్పుకుని సగం సగం పంచుకుంటున్నాం. రేటు దాదాపు సగానికి దిగింది.

ట్యాక్స్‌మామ
అట్టపెట్టెల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5కి తగ్గింది. మీ వ్యాపారి పాత రేటు వేస్తున్నాడేమో బిల్లు తిప్పి చూడండి. బిల్లే ఇవ్వడంటారా, అది వేరే కథ.

కొలువుబొమ్మ
నా దగ్గర రకరకాల బొమ్మలు ఉన్నాయి. ఎడ్లబండి ఒక సైజు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు నిలువుగా ఇంకో సైజు, దశావతారాలు సెట్టు. ఎన్ని సైజుల పెట్టెలు చేయించను?

మంగళగిరిమగ్గం
మూడుతో ఆపండి. మిగతా వాటికి పెద్ద పెట్టెని కోసి ఎత్తు తగ్గించుకోవచ్చు. నాలుగు మూలలూ కావలసినంత ఎత్తు దాకా కత్తిరించి, ఆ గీత మీద స్కేలు పెట్టి గట్టిగా గీకి మడిస్తే కొత్త మూత వస్తుంది. రెండు నిమిషాల పని. మిగిలిన ముక్కలు లోపల అడ్డంగా పెట్టండి.

కిఫాయతీ
అసలు కొత్త పెట్టెలెందుకు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి చెప్పి పెడితే రోజూ బోలెడు పెట్టెలు వస్తాయి. నాకు పెట్టెల ఖర్చు సున్నా.

బెల్టుపక్కన
వాడండి, తప్పులేదు. కానీ పాత లేబుల్ మీద బార్‌కోడ్ ఒక్కటి కూడా మిగలకూడదు. స్కానర్‌కి ముందు ఏది కనిపిస్తే అదే చదువుతుంది. మేము గుట్టలో పక్కన పడేసే పార్సిళ్లలో ఇలాంటివి రోజూ ఉండేవి. చింపండి, లేదా నల్ల మార్కర్‌తో పూర్తిగా కొట్టేయండి. అసలు మంచిది పెట్టెని విప్పి లోపలి వైపు బయటికి వచ్చేలా తిప్పి అతికించడం. ఇంకోటి, ఒకసారి ప్రయాణం చేసిన పెట్టె మూలలు మెత్తబడి ఉంటాయి. బట్టలకి ఫరవాలేదు, బొమ్మలకి వద్దు.

ఫ్రాజైల్ స్టిక్కర్ మీద కూడా ఎక్కువ ఆశ పెట్టుకోకండి. రాత్రి లోడింగ్‌లో స్టిక్కరు చదివే తీరిక ఎవరికీ ఉండదు. 'ఈ వైపు పైకి' అనే బాణం గుర్తుదీ అదే గతి. మీ పెట్టె పక్కకి పడుతుంది, తలకిందులవుతుంది, దాని మీద పది కిలోల బియ్యం బస్తా పడుతుంది. అలా అనుకునే ప్యాక్ చేయండి.

కొలువుబొమ్మ
భయపెట్టేశారు.

తాతలనాటి_కొలువు
భయం వద్దు. మా ఇంట్లో అమ్మమ్మ నాటి బొమ్మలు ఊళ్లు మారుతూనే ఉన్నాయి. వృత్తి కాదు కానీ బొమ్మలు సర్దడం నాకు చిన్నప్పటి నుంచి అలవాటు, అమెరికాలో చెల్లెలికి కూడా పంపాను. నేను చేసే పద్ధతి చెప్తాను.

ముందు విరిగేవి ఏవో చూసుకోవాలి. ఏనుగుకి తొండం, మావటివాడి చెయ్యి, అంబారీ మీది గొడుగు. ఎడ్లబండికి కొమ్ములు, కాడి. వీటి చుట్టూ మెత్తటి టిష్యూ కాగితం వదులుగా చుట్టాలి. బిగించి చుడితే ఆ బిగింపుకే విరుగుతుంది. బబుల్ ర్యాప్ సంగతి ఆ తర్వాత. రంగుకి నేరుగా ప్లాస్టిక్ తగలనివ్వకండి. ఏటికొప్పాక బొమ్మలు అమ్మేవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం. వాటి మీద ఉండేది లక్క, ఎండాకాలం వేడికి మెత్తబడి బుడగల అచ్చు పడుతుంది.

తర్వాత అసలు కిటుకు. పెట్టె అడుగు కొలతకి సరిపడా ఒక అట్ట ముక్క కోయండి. బొమ్మ పీఠాన్ని, లేదా కాళ్లని, ఆ అట్టకి నూలు దారంతో నాలుగు చోట్ల కట్టండి. అట్టకి కన్నాలు పెట్టి దారం కిందనుంచి ముడి వేయాలి. ఆ అట్టని బొమ్మతో సహా పెట్టెలో దింపితే బొమ్మ మధ్యలో నిలబడి ఉంటుంది, గోడలకి తగలదు. అట్ట కింద, బొమ్మ చుట్టూ నలిపిన కాగితం కూరండి. మూత మూశాక పెట్టెని చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. చప్పుడు వస్తే ఇంకా కూరాలి.

ఊరగాయజాడీ
నలిపిన కాగితం అంటే న్యూస్‌పేపరేనా? కిలోల లెక్కన పాత పేపర్లు తెస్తే ఖర్చు కలిసొస్తుంది, కానీ తినే సరుకుకి మేము వాడం.

తాతలనాటి_కొలువు
బొమ్మలకి నేను వాడేది అదే. లోపలి పొర తెల్ల టిష్యూ కాబట్టి సిరా అంటదు. గడ్డి మాత్రం వద్దు, మామిడిపళ్లకి బాగుంటుంది గానీ బొమ్మలకి పురుగు, చెమ్మ పట్టుకొస్తుంది.

నడుమెత్తు
ప్యాక్ చేసిన పెట్టెని నడుము ఎత్తు నుంచి సిమెంటు గచ్చు మీద వదిలి చూడండి. మూల మీద ఒకసారి, పక్క మీద ఒకసారి. గుండె దిటవు చేసుకుని ఒక పాత బొమ్మతో చేయండి. విరగలేదా, ఆ పద్ధతి ఖాయం చేసుకోవచ్చు.

కొలువుబొమ్మ
దారంతో కట్టే ఉపాయం బంగారం. ఇంతకాలం బబుల్ ర్యాప్ మీద బబుల్ ర్యాప్ చుట్టి పెట్టెని లావు చేసుకుంటున్నాను.

సిక్కోలు_చిన్నోడు
టేపు గురించి ఎవరూ చెప్పలేదు. చవక టేపు కొంటే చింపుతుంటే చీలికలై వస్తోంది. రెండు పొరలు వేయాల్సి వస్తోంది, మిగిలిందేంటి?

మంగళగిరిమగ్గం
రెండంగుళాల బ్రౌన్ టేపులో మందం 40 మైక్రాన్లు ఉన్నది అడగండి. రోల్ మీద ఎన్ని మీటర్లో చూడండి. లోపలి అట్ట చుట్ట లావుగా పెట్టి రోల్ పెద్దదిగా కనిపించేలా అమ్ముతారు. మూత మధ్య గీత మీద ఒకటి, రెండు పక్కల అంచుల మీద చెరొకటి వేస్తే చాలు. పెట్టె మొత్తం టేపుతో కప్పేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. తీసేవాళ్లు కత్తితో పొడుస్తారు, లోపలి చీర చిరుగుతుంది, మళ్లీ ఫిర్యాదు మనకే.

అనకాపల్లి_బెల్లం
ప్యాకింగ్ సరే, ఏ కొరియర్ చవకో చెప్పండి. ఒక్క పేరు చెప్తే చాలు.

మోడరేటర్
రేట్లు, సర్వీసుల వివరాలు రాసుకోవచ్చు. మీకు జరిగిన నష్టం రాసేటప్పుడు మాత్రం కంపెనీ పేరు వద్దు. పోయినసారి థ్రెడ్ ఎందుకు మూసేశామో గుర్తుంది కదా.

బెల్టుపక్కన
ఒక్క పేరు ఎవరూ చెప్పలేరండీ. ఊళ్లోనే ఒక రేటు, రాష్ట్రం లోపల ఒకటి, మెట్రో నుంచి మెట్రోకి ఒకటి, మిగతా దేశం ఒకటి, ఈశాన్య రాష్ట్రాలు, కశ్మీరు వేరే. మీ ఆర్డర్లు ఎక్కువగా ఏ జోన్‌కి వెళ్తున్నాయో ఒక నెల రాసుకుని, ఆ జోన్‌లో ఎవరు తక్కువో చూసుకోండి. తొందర లేని సరుకుకి ఎయిర్ బదులు సర్ఫేస్, అంటే నేల మీద వెళ్లేది, పెట్టండి. చాలామంది ఆ గడి చూడకుండానే బుక్ చేస్తారు.

కడియం_నర్సరీ
ఆంధ్ర, తెలంగాణ లోపలైతే ఆర్టీసీ కార్గో ఉండగా ఇంకోటి ఎందుకు? సాయంత్రం రాజమండ్రి బస్టాండులో మొక్కల పెట్టె ఇస్తే తెల్లారేసరికి హైదరాబాద్‌లో ఉంటుంది. మొక్కలకి టైమే ప్రాణం. కొరియర్‌లో శుక్రవారం ఇచ్చామా, ఆదివారం హబ్‌లో కూర్చుని వాడిపోతాయి. అందుకే కొరియర్ ఆర్డర్లు సోమ, మంగళ తప్ప పంపం.

అనకాపల్లి_బెల్లం
కస్టమర్ బస్టాండుకి వెళ్లి తెచ్చుకోవాలి కదా. ఆటోకి వంద పెడితే మీరు మిగిల్చింది వాళ్ల నెత్తిన పడినట్టే.

కడియం_నర్సరీ
ముందే అడుగుతాం. బల్క్ ఆర్డర్లవాళ్లు, చిన్న ఊళ్లవాళ్లు బస్టాండే కావాలంటారు. ఇంటికే కావాలన్నవాళ్లకి కొరియర్. కొన్ని ఊళ్లలో ఆర్టీసీ వాళ్లే ఇంటికి తెచ్చిస్తున్నారు, మీ డిపో కౌంటర్లో కనుక్కోండి.

ఓరుగల్లు_దర్రీ
షాపులకి పది, ఇరవై దర్రీలు వెళ్లేటప్పుడు మేం లారీ ట్రాన్స్‌పోర్టులో వేస్తం. గోనెసంచిలో కుట్టి ఇచ్చుడే. కిలో లెక్క కొరియర్‌తో పోలిస్తే ఎక్కడా పొంతనే లేదు. ఒక్కొక్కటిగా అమ్మేవాళ్లకి కుదరదు.

విత్తులసంచి
చిన్న పొట్లాలవాళ్లని మర్చిపోయారు అందరూ. నేను దేశవాళీ కూరగాయ విత్తనాలు అమ్ముతాను, కవరు మొత్తం 40 గ్రాములు. రిజిస్టర్డ్ పోస్టులో హాయిగా వెళ్లేవి. 2025లో దాన్ని స్పీడ్‌పోస్టులో కలిపేశారు. ఇప్పుడు 50 గ్రాముల లోపు ఊళ్లో 19, బయటి ఊరికి 47, పైన జీఎస్టీ. వంద రూపాయల విత్తనాలకి 55 పోస్టు ఖర్చు!

పాతపుస్తకం
ఆ 19, 47 డాక్యుమెంట్ రేట్లు అండీ, 2025 అక్టోబరు 1 నుంచి వచ్చినవి. సరుకు పంపితే పార్సిల్ రేటు ఎంతో కౌంటర్లో విడిగా అడగండి.

మా పుస్తకాలవాళ్లకి మాత్రం మంచే జరిగింది. జ్ఞాన్ పోస్ట్ అని 2025 మే 1న మొదలుపెట్టారు. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోల దాకా 100, పన్ను అదనం. ట్రాకింగ్ ఉంటుంది, నేల మీద వెళ్తుంది కాబట్టి నెమ్మది. ముద్రాపకుడి పేరో ప్రచురణకర్త పేరో పుస్తకం మీద ఉండాలి. పత్రికలు, ప్రకటనల పుస్తకాలు తీసుకోరు. కౌంటర్లో అమ్మాయికి తెలియకపోతే పోస్ట్‌మాస్టర్‌ని అడగండి.

విత్తులసంచి
పార్సిల్ అంటే ఇంకా ఎక్కువా! నేను కనీసం 300 రూపాయల ఆర్డరు అని పెట్టాల్సిందే ఇక. పోస్టు ఖర్చు నాలుగు పొట్లాల మీద పంచుకుంటే నొప్పి తెలియదు.

ఊరగాయజాడీ
అక్కడే అసలు కిటుకు ఉంది. షిప్పింగ్ విడిగా చూపిస్తే కొనేవాళ్లు పారిపోతారు. ధరలో కలిపేసి 'ఫ్రీ డెలివరీ' అనండి.

మంగళగిరిమగ్గం
ఒప్పుకోను. ధరలో కలిపితే పక్క వీధివాళ్లు కూడా గౌహతి ఖర్చు కడుతున్నట్టు. పైగా రెండు చీరలు కొన్నవాళ్లకి రెండుసార్లు షిప్పింగ్ వేసినట్టవుతుంది. నేను ఒక చీరకి షిప్పింగ్ విడిగా తీసుకుంటాను, రెండైతే ఫ్రీ. 'ఇంకోటి కూడా చూపించండక్కా' అని వాళ్లే అడుగుతారు.

ఊరగాయజాడీ
మీవి రెండు వేల చీరలు, మావి 250 పచ్చళ్లు. మాకు 90 రూపాయలు విడిగా కనిపిస్తే అక్కడితో చాట్ ఆగిపోతుంది.

అనకాపల్లి_బెల్లం
మరి క్యాష్ ఆన్ డెలివరీ?

ఊరగాయజాడీ
పేరెత్తకండి.

కిఫాయతీ
సీఓడీ ఆర్డరు వస్తుంది, పంపుతాం, 'ఇంట్లో ఎవరూ లేరు', 'ఫోన్ ఎత్తలేదు' అని మూడు రోజులు తిప్పుతారు, వెనక్కి వస్తుంది. వెళ్లిన ఛార్జీ, వచ్చిన ఛార్జీ రెండూ మనవే. పది పార్సిళ్ల లాభం ఒక్క రిటర్న్ మింగేస్తుంది.

మంగళగిరిమగ్గం
సగం దారి ఒకటి ఉంది. షిప్పింగ్ ఛార్జీ మాత్రం ముందు యూపీఐలో వేయించుకుని మిగతాది సీఓడీ పెట్టండి. వంద రూపాయలు కట్టినవాళ్లు ఫోన్ ఎత్తుతారు. అదీ కట్టనివాళ్లు ఎలాగూ తీసుకోరు.

లీకురాజు
జాడీ గారూ, పచ్చడి పౌచ్‌లోంచి నూనె కారకుండా ఏం చేస్తున్నారు? మా గోంగూర పక్క పార్సిళ్లని కూడా తడిపిందట, కొరియర్‌వాళ్లు ఇక తీసుకోమంటున్నారు.

ఊరగాయజాడీ
పౌచ్ నిండా నింపకండి, పై మూడంగుళాలు వదలండి. సీల్ వేసే చోట నూనె చుక్క ఉంటే మిషన్ ఎంత నొక్కినా అతకదు. అందుకే గరాటుతో నింపి, అంచు లోపల పొడి గుడ్డతో తుడిచి, అప్పుడు సీల్. ఒక వేలు వెడల్పు వదిలి రెండో సీల్. ఆ పౌచ్‌ని ఇంకో పౌచ్‌లో పెట్టి దానికీ సీల్. రాత్రంతా తలకిందులుగా ఒక తెల్ల కాగితం మీద పెట్టండి. పొద్దున కాగితం మీద మరక ఉంటే అది పంపకండి. వారంలో తినే పచ్చడి కాకుండా ఊరిన పచ్చడే పంపండి. ఊరేటప్పుడు గ్యాస్ పుట్టి పౌచ్ ఉబ్బుతుంది. తినే సరుకు అమ్మడానికి ఇచ్చే ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు లేబుల్ మీద ఉందా? లేకపోతే ముందు అది చూసుకోండి.

లీకురాజు
తెల్ల కాగితం పరీక్ష ఈ రాత్రికే. థ్యాంక్స్ అక్కా.

ఊరగాయజాడీ
అన్నా అనండి. 😀

డాలస్_దోసకాయ
అమెరికాకి బొమ్మలు తెప్పించుకోవాలని ఉంది. కొలువుబొమ్మ గారూ పంపుతారా? ఎంతవుతుంది?

తాతలనాటి_కొలువు
ఆవిడ చెప్పేలోపు ఒక మాట. 800 డాలర్ల లోపు పార్సిళ్లకి సుంకం లేకుండా ఉన్న వెసులుబాటు 2025 ఆగస్టు 29తో పోయింది. మన తపాలా శాఖ కొన్నాళ్లు బుకింగులే ఆపేసి, అక్టోబరు 15న మళ్లీ మొదలుపెట్టింది. సుంకం ఇక్కడ బుక్ చేసేటప్పుడే కట్టాలి. రేటు మారుతూ ఉంటుంది కాబట్టి పంపే రోజున కనుక్కోండి. మా చెల్లెలికి నేను పంపింది అంతకుముందు.

ట్యాక్స్‌మామ
వ్యాపారంగా పంపేటట్టయితే ఎగుమతి, దిగుమతులకి ఇచ్చే ఐఈసీ కోడ్ తీసుకుని డాక్ ఘర్ నిర్యాత్ కేంద్రం ద్వారా పంపొచ్చు. కొన్ని పోస్టాఫీసుల్లో ఉన్నాయి, ఎగుమతి కాగితాలు అక్కడే పూర్తవుతాయి. గిఫ్ట్ అని రాసి పంపే తెలివితేటలు వద్దు.

కొలువుబొమ్మ
దోసకాయ గారూ, ప్రస్తుతానికి దేశం దాటే ధైర్యం లేదు. విజయవాడలో మీవాళ్లెవరైనా ఉంటే వాళ్లింటికి ఇస్తాను, వచ్చేటప్పుడు సూట్‌కేసులో తెచ్చుకోండి.

డాలస్_దోసకాయ
సూట్‌కేసులో ఆవకాయకే జాగా చాలదండీ.

కిఫాయతీ
మామా, జీఎస్టీ లేకుండా వేరే రాష్ట్రాలకి అమ్మొచ్చా? పుణెకి పంపానంటున్నారు కదా ఆవిడ.

ట్యాక్స్‌మామ
నంబరు లేనివాళ్లు ఈ-కామర్స్ సైట్ల ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకునే వీలు 2023 అక్టోబరు 1 నుంచి ఉంది. వేరే రాష్ట్రానికి సరుకు అమ్మితే మామూలుగా రిజిస్ట్రేషన్ కావాలి. చేతివృత్తుల వస్తువుల్లో నోటిఫై చేసిన వాటికి షరతులతో మినహాయింపు ఉంది. అందులో పడతారో లేదో కాగితాలు పట్టుకుని మీ ఆడిటర్ దగ్గర కూర్చోండి. దీనికి వేరే థ్రెడ్ పెట్టండి, ఇక్కడ మొదలుపెడితే తెల్లారుతుంది.

కొలువుబొమ్మ
మా ఆడిటర్ దగ్గర ఆ కాగితాలు ఉన్నాయి మామా, థ్యాంక్స్. పెట్టెల యూనిట్ అతనితో మాట్లాడాను. 26×17×22 ఒకటి, దశావతారాలకి పొడుగ్గా ఒకటి, ఎడ్లబండికి ఒకటి. మూడు సైజులూ కలిపి 300కి ఒప్పుకున్నాడు. ఐదు పొరల అట్ట కావాలా, మూడు పొరలు చాలా అని అడిగాడు.

బెల్టుపక్కన
రెండు కిలోల లోపు తేలిక బొమ్మకి మూడు పొరలు గట్టి కాగితంతో చేస్తే చాలు. దశావతారాల సెట్టుకి ఐదు పొరలు చెప్పండి. ఒక్కమాట, మీరు చెప్పే కొలత లోపలిదా బయటిదా అని అతనితో తేల్చుకోండి. కెమెరా కొలిచేది బయటి కొలత. ఐదు పొరల అట్ట రెండు వైపులా కలిసి సెంటీమీటరు దాకా పెంచుతుంది. మీ ఏనుగు పెట్టె ఇప్పటికే 1.94 మీద ఉంది, ఒక్క వైపు సెంటీమీటరు పెరిగితే రెండు దాటుతుంది.

కొలువుబొమ్మ
లోపలి కొలతే చెప్పి వచ్చాను! ఇప్పుడే ఫోన్ చేస్తాను.

ప్రమిదల_పల్లె
ఇదే థ్రెడ్‌లో అడగొచ్చా? దీపావళికి మట్టి ప్రమిదలు పంపాలి. డజను, రెండు డజన్ల సెట్లు. బరువూ ఉంది, పగలడమూ ఉంది.

తాతలనాటి_కొలువు
ఒకదాంట్లో ఒకటి పేర్చి, మధ్య మధ్యలో పలచటి ఫోమ్ ముక్క పెట్టండి. ఆరు ప్రమిదల దొంతర ఒక కాగితంలో గట్టిగా చుట్టి, పెట్టెలో నిలువుగా నిలబెట్టండి. పడుకోబెడితే బరువు అంచుల మీద పడి పగులుతాయి.

ఊరగాయజాడీ
డజనుకి రెండు ఎక్కువ పెట్టండి. ప్రమిద ధర ఎంత, రిటర్న్ గొడవ ఎంత?

ప్రమిదల_పల్లె
పద్నాలుగు పెడితే పెట్టె సైజు మారుతుంది. కొలిచి చూసి చెప్తాను.